లిపోవ్‌స్క్ జట్టు, చోవా చూ కాంగ్ శాఖ

గొడవ కొక్కెం దగ్గర మొదలైంది. తలుపు పక్కన గోడకున్నది ఒకటే కొక్కెం. మధుసూదనరావు రోజూ ఆఫీసు నుంచి రాగానే మెళ్ళో కార్డు తీసి దానికే తగిలిస్తాడు. రాత్రి అరుంధతి అదే కొక్కేనికి ఆకుపచ్చ ఉన్ని మఫ్లరు వేలాడదీసింది. తెల్లారేసరికి కార్డు జారి చెప్పుల బీరువా వెనక్కి పడిపోయింది. ఇల్లు చోవా చూ కాంగ్‌లో, ఆఫీసు చాంగీ బిజినెస్ పార్కులో. సింగపూర్ దీవికి ఇది ఈ చివర, అది ఆ చివర. ఒక రైలు తప్పిందంటే ఆ రోజు పొద్దుటి మీటింగు తప్పినట్టే.

"చెమటలు కారే ఊళ్ళో ఉన్ని మఫ్లరేమిటి అరుంధతీ?" అన్నాడతను, నేలమీద బోర్లా పడుకుని బీరువా కిందికి చెయ్యి పోనిస్తూ.

"కొక్కెం మీ కార్డుకి రాసిచ్చారా? ఆ పక్కన కుర్చీ లేదూ?"

"ఆ కుర్చీలో మఫ్లరే పెట్టుకోవచ్చుగా."

"జట్టు మఫ్లరండీ అది. కుర్చీలో పెడితే ఎవరో ఒకరు దానిమీద కూర్చుంటారు."

బూట్లు వేసుకుంటున్న కూతురు ఉజ్వల తల ఎత్తకుండానే, ప్రతి మాటకూ చివర 'లా' తగిలించే సింగపూర్ ఇంగ్లీషులో, "ఇట్స్ జస్ట్ ఎ హుక్ లా, అమ్మా" అంది. తల్లీ తండ్రీ ఇద్దరూ ఒక్కసారే ఆ పిల్ల వైపు కోపంగా చూశారు. దాంతో వాళ్ళ గొడవ సగం చల్లారింది. కార్డు దొరికింది. మధుసూదనరావు చొక్కాకంటిన దుమ్ము దులుపుకుని, లిఫ్టు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, ఆదివారం మ్యాచ్ మనింట్లోనేనా అని అడిగాడు. అవునంది. అయితే పకోడీలు కాస్త ఎక్కువ వెయ్యమని చెప్పి వెళ్ళిపోయాడు. అతనికి ఆ జట్టుతో ఉన్న సంబంధం అప్పటికి పకోడీల వరకే.

ఆ జట్టు రష్యాలో లిపోవ్‌స్క్ అనే చిన్న ఊరిది. పేరు స్తెక్లోవార్. గాజు కరిగించేవాడని అర్థమట. అరుంధతి తమ్ముడు గోపీకృష్ణ వైద్యం చదవడానికి వెళ్ళింది ఆ ఊరికే. వెళ్ళిన కొత్తలో వాడి ఫోను మాటలు ఒక ముక్క వినబడితే రెండు ముక్కలు గాలిలో కలిసిపోయేవి. హాస్టల్లో నెట్ అంత అన్యాయం. అలాంటిది ఒక శీతాకాలం ఉన్నట్టుండి వాడి ముఖం అద్దంలో చూసినంత స్పష్టంగా కనిపించడం మొదలుపెట్టింది. ఏమిట్రా సంగతి అంటే, ఊరి ఫుట్‌బాల్ మైదానాన్ని ఎవరో కోటీశ్వరుడు కొన్నాడనీ, వచ్చినవాళ్ళందరికీ వైఫై ఉచితంగా పెట్టించాడనీ, అందుకే ఆదివారాలు అక్కడ కూర్చుని ఫోను చేస్తున్నాననీ చెప్పాడు.

అలా మొదలైంది. వాడు అనాటమీ మాస్టారి కోపం గురించీ, హాస్టలు క్యాబేజీ కూర గురించీ చెప్పుకుపోయేవాడు. అక్క ఊఁ కొడుతూ వాడి చెవి వెనకాల జరిగే ఆట చూస్తుండేది. అక్కడ మిట్టమధ్యాహ్నమైతే ఇక్కడ దీపాలు పెట్టే వేళ. ఒకరోజు వాడు పరీక్ష తప్పానని బిక్కముఖం వేసుకుని చెబుతుంటే, ఆవిడ "ఒరేయ్ గోపీ, నీ తల కాస్త పక్కకి తియ్యి, కార్నర్ కొడుతున్నారు" అంది. వాడికి ఏడుపు ఆగిపోయి నవ్వొచ్చింది.

ఆ కోటీశ్వరుడి పేరు గ్లెబ్ అర్కాదియెవిచ్. సీసాల వ్యాపారి. సారా సీసాలూ, మందు సీసాలూ, జామ్ సీసాలూ అన్నీ ఆయన ఫ్యాక్టరీలోవే. చిన్నప్పుడు లావుగా ఉన్నాడని ఇదే జట్టులోంచి గెంటేశారట. డబ్బు సంపాదించి, తిరిగొచ్చి, జట్టునే కొనేశాడు. అప్పటికి అది అట్టడుగు పోటీల్లో, మూడో తరగతిలో ఆడే జట్టు. మైదానంలో గోల్ ముందు గుంట ఉండేది, అందులో వాన నీళ్ళుండేవి, ఆ నీళ్ళ దగ్గరికి ఎవరివో బాతులు వచ్చేవి. ఈయన వచ్చి గుంట పూడ్పించాడు. మంచు కరగడానికి గడ్డి కింద వేడినీళ్ళ గొట్టాలు వేయించాడు. అది విని అరుంధతి, మా తమ్ముడు గదిలో చలికి వణుకుతుంటే గడ్డికి వేన్నీళ్ళా అని నొచ్చుకుంది. కానీ ఆ వారమే జట్టు ఐదు గోల్స్ కొట్టేసరికి, గడ్డికి ఆ మాత్రం మర్యాద చెయ్యాల్సిందేలే అనుకుంది.

ఆ ఏడాది జట్టు రెండో తరగతికి ఎక్కింది. బ్రెజిల్ నుంచి ఒక ఆటగాణ్ణి తెచ్చారు. పాపం అతను చేతులకు తొడుగులూ చెవులకు టోపీ వేసుకుని పరిగెత్తేవాడు. కిందింట్లో ఉండే ఆమని ఒక సాయంత్రం పెరుగు తోడుకని గిన్నె పట్టుకుని వచ్చి, గోపీ పంపిన లింకుతో టీవీలో పెట్టిన ఆటలో అతన్ని చూసి నిలబడిపోయింది. నిలబడ్డది కూర్చుంది. ఆటయ్యాక గిన్నె మరిచిపోయి వెళ్ళింది. ఆవిడది విశాఖపట్నంలో గాజువాక. జట్టు పేరుకు అర్థం తెలిశాక ఇక ఆవిణ్ణి పట్టుకునేవాళ్ళు లేరు.

"గాజులోళ్ళంటే మావోళ్ళే వదినా," అని తేల్చేసింది.

ఆవిడ తన వెంట ఇంకో ఇద్దర్ని తెచ్చింది. వాళ్ళ వెంట మరికొందరు వచ్చారు. ఆటగాళ్ళ పేర్లు ఒక్కటీ నోరు తిరగక, ఆడవాళ్ళంతా తలా ఒక పేరు పెట్టారు. గోల్ వాకిట్లో నిలబడి అందరినీ కేకలేసే గోల్‌కీపరు పెద్దత్తయ్య. ఆలస్యంగా వచ్చి, అన్నీ తన దగ్గరికే రావాలని చూసి, రాకపోతే అలిగే బ్రెజిల్ వాడు కొత్తల్లుడు. బట్టతల కెప్టెన్ ట్యూషన్ మాస్టారు. అతను ఎవరినీ ఒక్క మాట అనడు, ఎక్కడ అవసరమో అక్కడుంటాడు. అరుంధతికి మాస్టారంటే గొప్ప గౌరవం. బంతి అతని దగ్గర లేనప్పుడు కూడా అతన్నే చూసేది. బియ్యంలో రాళ్ళేరడం అలవాటైన చూపు అది. ఎవరు సోమరిగా నడుస్తున్నారో, ఎవరు ఊరికే చేతులు ఊపుతున్నారో ఇట్టే పట్టేసేది.

జట్టు పైకి వెళ్ళే కొద్దీ ఇల్లు చాలలేదు. కమ్యూనిటీ క్లబ్బులో హాలు మాట్లాడుకున్నారు. హాలంటే పోస్టరుండాలి, పోస్టరంటే పైన గుండ్రటి ఫొటోలో చేతులు జోడించిన అధ్యక్షుడుండాలి. అధ్యక్షుడంటే మగవాడై, ఆఫీసులో కాస్త పెద్ద హోదా ఉన్నవాడై ఉండాలి. అలా ఉండాలని అక్కడ ఎవరూ అనలేదు. తెలుగు సంఘం పోస్టర్లన్నీ అలాగే ఉంటాయి కాబట్టి ఎవరికీ ఇంకో ఆలోచన రాలేదు, అంతే. గౌరవాధ్యక్షులు శ్రీ మధుసూదనరావు గారు అని తన చేతులతో టైపు చేసింది అరుంధతే. ఆయనగారు ఆ రోజు హాలుకు వచ్చి, విరామం అయ్యాక మనవాళ్ళు అటు గోల్‌లో ఎందుకు కొడుతున్నారని అడిగాడు.

ఆ పోస్టరును గోపీకృష్ణ లిపోవ్‌స్క్‌లో క్లబ్బు వాళ్ళకు చూపించాడు. సింగపూర్‌లో చీరలు కట్టుకుని, ఆకుపచ్చ మఫ్లర్లు చుట్టుకుని, పకోడీలు తింటూ తమ జట్టు ఆట చూసే ఆడవాళ్ళున్నారంటే వాళ్ళు నమ్మలేదు. నమ్మాక వదల్లేదు. తర్వాతి ఆటలో విరామం వేళ ఆ పోస్టరును మైదానంలో పెద్ద తెరమీద వేశారు. మేడంత ఎత్తున మధుసూదనరావు చేతులు జోడించి చిరునవ్వు నవ్వుతున్నాడు. పేరంతా పలకలేక జనం మొదటి రెండక్షరాలూ పట్టుకుని మధు, మధు అని ఊగిపోయారు. హాల్లో ఆమని కుర్చీ ఎక్కింది. ఉజ్వల, "నాన్న ఈజ్ వైరల్ లా" అని నెత్తి కొట్టుకుంది. మధుసూదనరావు మాత్రం ఆ తెరవైపే చూస్తుండిపోయాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అతన్ని చూసి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఆ వారమే కబురొచ్చింది. ఆఖరి ఆట గెలిస్తే లిపోవ్‌స్క్ మొదటి తరగతికి వెళ్తుంది. ఆ ఊరి చరిత్రలోనే అలాంటిది జరగలేదు. ఆ ఆట చూడటానికి సింగపూర్ శాఖ అధ్యక్షుడు రావాలని గ్లెబ్ అర్కాదియెవిచ్ కోరిక. రానూపోనూ టిక్కెట్టు, హోటలు, మైదానంలో తన పక్క సీటు అన్నీ ఆయనవే. సీటు ఒక్కటే.

మధుసూదనరావు పాయా లేబర్ బజారుకు వెళ్ళి మోకాళ్ళు దాటే కోటు కొన్నాడు. అక్కడిప్పుడు వసంతకాలం బావగారూ, చొక్కాలు చాలు అని గోపీ చెబితే, రష్యా రష్యాయే అన్నాడు. కోటు వేసుకుని ఏసీ ముందు నిలబడి చూసుకున్నాడు. లిఫ్టులో తలుపు పట్టుకున్న చైనా ముసలాయనకు, కొత్తగా నేర్చిన రష్యన్‌లో థాంక్స్ అని, స్పసీబా చెప్పాడు. ఆయన తల ఊపి, స్పసీబా అన్నాడు.

ఆ గడ్డి చూడాలని అరుంధతికీ ఉంది. గుంట పూడ్చిన చోటు, పెద్దత్తయ్య కేకలేసే వాకిలి, మాస్టారు బంతి లేకుండా నడిచే దారి, అన్నీ తెర మీద కాక కళ్ళారా చూడాలనుంది. పెళ్ళయ్యాక ఆవిడ చేసిన ప్రయాణాలన్నీ ఎవరి పురుటికో, ఎవరి పెళ్ళికో. తనకు ఇష్టమైంది చూడటానికి విమానం ఎక్కింది లేదు. ఆమనితో ఒకసారి పైపైన అని చూసింది. వాళ్ళు పిలిచింది పోస్టర్లో బొమ్మని కదా వదినా అంది ఆమని, బాధగానే.

ప్రయాణానికి ముందు వారం గ్లెబ్ అర్కాదియెవిచ్ అధ్యక్షుడితో వీడియోలో మాట్లాడతానన్నాడు. గోపీ అటు కూర్చుని రష్యన్ తెలుగులోకీ, తెలుగు రష్యన్‌లోకీ మార్చి చెబుతున్నాడు. తెరనిండా ఎర్రటి బుగ్గలు, బంగారు పన్ను, పసిపిల్లాడి నవ్వు. యోగక్షేమాలయ్యాక ఆయన ముఖం గంభీరమైంది. కోచ్ ఒకటి అంటున్నాడు, ఊరు ఒకటి అంటోంది. ఆఖరి ఆటలో ఎడమవైపు ఎవరిని ఆడించాలి, కోట్లు పోసి తెచ్చిన బ్రెజిల్ వాణ్ణా, ముసలి కెప్టెన్నా? దూరం నుంచి చూసేవాళ్ళకు బాగా కనబడుతుంది, చెప్పండి అన్నాడు.

మధుసూదనరావు భార్య వైపు తిరిగాడు. ఆవిడ తెరలో పడకుండా వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. మెల్లగా చెప్పింది.

"కొత్తల్లుడు బంతి కాళ్ళ దగ్గరికొస్తేనే కదులుతాడు. మాస్టారు బంతి రాబోయే చోటికి ముందే వెళ్ళి నిలబడతాడు. ఈ ఒక్క ఆటకీ మాస్టారిని కూర్చోబెట్టొద్దని చెప్పండి."

మధుసూదనరావు గొంతు సవరించుకున్నాడు. "నా అభిప్రాయం ఏమిటంటే" అని మొదలుపెట్టి, మాట పొల్లుపోకుండా అదే చెప్పాడు. గోపీ కళ్ళు దించుకుని, రష్యన్‌లో చెప్పాడు. గ్లెబ్ అర్కాదియెవిచ్ బల్ల మీద గుద్దాడు. ఆయన మనసులో ఉన్నదీ అదేనట. అధ్యక్షుడికి ఆట ప్రాణమని ఫొటో చూసినప్పుడే అనుకున్నాడట. మధుసూదనరావు సిగ్గుపడుతూ చేతులు జోడించాడు, అచ్చం పోస్టర్లో లాగే.

అరుంధతి వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. తర్వాత తమ్ముడికి ఫోను చేసి ఒకటే అడిగింది, రమ్మన్నది మీ బావగారినా, అధ్యక్షుణ్ణా అని. వాడు వెళ్ళి కనుక్కుని చెప్పాడు. అధ్యక్షుడు ఎవరైతే వాళ్ళకే సీటు అన్నాడట దొర. మీసమైనా జడైనా తనకొక్కటేనన్నాడట. వీసా ఆన్‌లైన్లోనే వస్తుంది, నాలుగు రోజులు చాలు అక్కా అని కూడా చెప్పాడు, ఆవిడ అడక్కుండానే.

మర్నాడు తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో కార్యవర్గం కూర్చుంది. అక్కడి ఆనవాయితీ ప్రకారం టిష్యూ పొట్లం పెట్టి ముందే బల్ల ఆక్రమించింది ఆమని. వీడియోలో జరిగింది అరుంధతి ఉన్నదున్నట్టు చెప్పింది. ఎక్కడా ఎక్కువ కలపలేదు. "నా అభిప్రాయం" దగ్గరికొచ్చేసరికి ఆమని కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. ఇంకేం మాట్లాడాల్సిన అవసరం లేకపోయింది. చేతులన్నీ ఒకేసారి లేచేసరికి పక్క బల్ల వాళ్ళు తమనే పిలుస్తున్నారేమో అనుకున్నారు.

ఆ సాయంత్రం మధుసూదనరావు భోజనానికి ఉత్సాహంగా కూర్చున్నాడు. గ్లెబ్ అర్కాదియెవిచ్‌కు ఏం బహుమతి తీసుకెళ్ళాలో, పక్కన కూర్చున్నప్పుడు ఏం మాట్లాడాలో చెబుతున్నాడు. మాస్టారిని ఆడిస్తున్నారట, నా మాట విన్నారు అన్నాడు. ఉజ్వల కంచంలోంచి తల ఎత్తి తల్లి ముఖం చూసి, ఫోను పక్కన పెట్టేసింది.

అరుంధతి అతని కంచంలో వంకాయ కూర వేసింది, నెయ్యి వేసింది, తనూ కూర్చుంది.

"ఏవండీ, ఇవాళ పొద్దున్న కార్యవర్గం మీటింగు పెట్టుకున్నాం," అంది. "మీ సేవలకు కృతజ్ఞతలు చెబుతూ తీర్మానం చేశాం. ఆదివారం హాల్లో మీకు శాలువా కప్పుతాం, ఆమని ఫొటోలు తీస్తుంది. కొత్త అధ్యక్షురాలు నేను. అందరూ చేతులెత్తారు."

మధుసూదనరావు ముద్ద నోటి దాకా తెచ్చి ఆపేశాడు. "మరి లిపోవ్‌స్క్?"

"కందిపొడీ, చింతకాయ పచ్చడీ చేసి పెడతాను. ఉజ్వలకి అన్నం వండటం వచ్చు. లిపోవ్‌స్క్ నేను వెళ్తున్నాను."