నీళ్ళు దిగాయి

బుల్లి కారు వెనక చక్రం ఇరుసుకు చుట్టుకున్న వెంట్రుకల ఉండను పట్టకారుతో లాగుతున్నాడతను. అది ఊరికే రాదు. దువ్వి పారేసిన జుట్టు, కుక్క బొచ్చు, తివాచీ పోగులు, ఎవడో నమిలి ఉమ్మిన చూయింగ్ గమ్ము, అన్నీ గ్రీజులో నాని తాడులా బిగుసుకున్నాయి. కొన దొరకబుచ్చుకుని లాగితే మిగతాదంతా జిగటగా సాగుతూ వచ్చింది. థూ, ఏం మనుషులు! తిని చెయ్యి కూడా కడుక్కోరు కాబోలు. ఉండను చెత్తబుట్టలో పడేసి వేళ్ళు గుడ్డకు తుడుచుకున్నాడు. ఇంకా రెండు చక్రాలున్నాయి.

రిమోట్‌తో నడిచే కార్లు అమ్మి, బాగుచేసే దుకాణమది. బొమ్మకార్లంటే దుకాణందారుకు ఒళ్ళు మండుతుంది, మోడల్స్ అనాలి. ఆ దుకాణందారు ఇతనికి బావ, అంటే సొంత అక్క మొగుడు. కింద దుకాణం, పైన కాపురం, ఆ పైన అట్టపెట్టెలు పెట్టుకునే గదిలో ఒక మంచం. ఆ మంచం ఇతనిది. ఫ్యాన్ మోటార్లకు తీగ చుట్టే వర్క్‌షాపు మూతపడినప్పుడు, నాలుగు రోజులుండి వెళదామని అక్క ఇంటికి వచ్చాడు. ఆ నాలుగు రోజులు ఇంకా అవలేదు. జుట్టు నెరిసింది, ముందు పన్ను ఒకటి ఊడింది, మేనల్లుళ్ళకు పెళ్ళిళ్ళయి వేరే కాపురాలు పెట్టారు. ఇతను మాత్రం పెట్టెల మధ్యే పడుకుంటున్నాడు.

మనిషిలో చెప్పుకోదగ్గది ముక్కొక్కటే. పొడుగ్గా ఉండి, కొస దగ్గర కాస్త కిందికి వంగి, రెండు వైపులా ముడతలు పడి, ఎప్పుడూ ఏదో కంపు తగిలినట్టు విరుచుకునే ఉంటుంది. వచ్చేపోయేవాళ్ళంతా అతన్ని ముక్కు అనే అంటారు. బావ కూడా అదే పేరు ఖాయం చేశాడు.

ఈ కార్లను నడిపే బ్రష్‌లెస్ మోటారు సంగతి ముక్కుకు బాగా తెలుసు. దానికి మొహమాటం లేదు. పరిగెత్తడానికి ఎంత కరెంటు కావాలంటే అంతా లాగేస్తుంది. బ్యాటరీ నుంచి ఆ కరెంటు తీసి మోటారుకు అందించేది స్పీడ్ కంట్రోలరు. మోటారు లాగేదానికంటే కాస్త ఎక్కువే తట్టుకునే కంట్రోలరు పెట్టాలి. తక్కువది పెడితే కొన్నాళ్ళు ఏడుస్తూ నడిచి, ఒకరోజు లోపల మాడి చస్తుంది. ఇందులో పెద్ద విద్యేమీ లేదు, ఈ పని చేసే ఎవడికైనా తెలిసేదే. బావకూ తెలుసు. తెలిసే, పెద్ద మోటారుకు చిన్న కంట్రోలరు తగిలించి సెట్టు కట్టి అమ్ముతాడు. మోటారు ఎర్రగా నగలా మెరుస్తుంది, కొనేవాడు దాన్ని చూసి మురిసిపోతాడు. కంట్రోలరు అగ్గిపెట్టెలా మూత కింద పడి ఉంటుంది, దాని మొహం ఎవడు చూస్తాడు?

మాడాక తెస్తారు. గ్యారంటీ ఉందిగా అంటారు. నీళ్ళలో తడిస్తే మాత్రం గ్యారంటీ లేదు. అప్పుడు బావ లోపలికి తిరిగి, "ఒరేయ్ ముక్కూ, ఓసారి వాసన చూడు" అంటాడు. ఇతను కంట్రోలరును ముక్కు దగ్గర పెట్టుకుని, మొహం చిట్లించి, "నీళ్ళు దిగాయి" అంటాడు. అంతే. ఒకప్పుడు నిజంగానే వాసన పట్టి చెప్పేవాడు. తడిసినదానికి పాచి కంపు, మోటారు బరువు మొయ్యలేక మాడినదానికి కుళ్ళిన చేప కంపు. ఇప్పుడు ఏ కంపు కొట్టినా మాట ఒకటే. ఆ మాట అంటున్నప్పుడు తన మీద తనకే రోత పుడుతుంది. ఆ రోత మొహంలో కనిపిస్తుంది కూడా. ఎదుటివాళ్ళు అది తమ మీదనుకుని, ఏదో తప్పు చేసినవాళ్ళలా సిగ్గుపడి వెళ్ళిపోతారు.

మూడో చక్రం మీద ఉండగా బస్సు డ్రైవరు వచ్చాడు. ఖాకీ చొక్కా, చంకల్లో చెమట చారలు, చేతిలో ప్లాస్టిక్ సంచి. అతన్ని చూడగానే ముక్కు తల దించుకున్నాడు. మరిచిపోదామన్నా మరుపు రాని మనిషి. కిందటిసారి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. పదేళ్ళ పిల్ల. నీళ్ళలోకి పోనివ్వలేదు నాన్నా, ఒట్టు, అంటూనే ఉంది. ముక్కు వాసన చూసి నీళ్ళు దిగాయన్నాడు. డ్రైవరు అందరి ముందూ ఆ పిల్ల చెంప ఛెళ్ళుమనిపించాడు. పిల్ల తండ్రి వంక చూడలేదు, ముక్కు వంకే చూసింది. కొత్త కంట్రోలరు కొనుక్కుని వెళ్ళారు. అదీ చిన్నదే.

డ్రైవరు సంచిలోంచి కారు తీసి బల్ల మీద పెట్టాడు. పక్కన పాత కంట్రోలరు కూడా పెట్టాడు.

"గ్యారంటీ కోసం రాలేదండీ" అన్నాడు బావతో. "అప్పట్నుంచీ పిల్ల నాతో మాట్లాడట్లేదు. అన్నం పెట్టుకుని మూలకెళ్ళి తింటుంది. కాస్త మంచి చేసుకుందామని నిన్న ఇంట్లోనే, పొడి నేల మీద నేనే నడిపాను. ఇదీ మాడింది. చుక్క నీళ్ళు తగల్లేదు." పాత కంట్రోలరును ముందుకు జరిపాడు. "మొదటిది కూడా ఇలాగే పోయిందా? నాకది తెలిస్తే చాలు."

"భలేవారే, ఇంట్లో తడి ఉండదా ఏంటి? తడిగుడ్డతో తుడిచుంటారు. ఒరేయ్ ముక్కూ, ఓసారి చూసి చెప్పు."

ముక్కు కారులోని కంట్రోలరు ఊడదీసి, రెండూ చేతిలోకి తీసుకున్నాడు. వాసన చూడక్కర్లేదు. రెండింటి లోపలా టంకం కరిగి కారిపోయింది, తీగల తొడుగులు మాడి పెళుసెక్కాయి. అయినా అలవాటుగా పైకెత్తాడు. చేప కంపు గుప్పుమంది. నీళ్ళు దిగాయి అంటే సరిపోతుంది. అంటే రాత్రికి అక్క చేతి అన్నం, పైన మంచం. అనకపోతే ఈ వయసులో ఏ గుమ్మం ఎక్కాలి? బావ బల్ల మీద వేళ్ళతో తాళం వేస్తున్నాడు. గోళ్ళ కింద నల్లటి మట్టి. ఈ మనిషి పక్కన కూర్చుని ఇన్నేళ్ళు తిన్నానా అనిపించింది.

"తడవలేదు" అన్నాడు. "మొదటిదీ తడవలేదు. మోటారు పెద్దది, కంట్రోలరు దానికి చాలదు. ఎవరు నడిపినా మాడేదే."

"వాడికి జలుబండీ" అని బావ పకపకా నవ్వాడు. "రెండు రోజుల్నుంచి ముక్కు పనిచెయ్యట్లేదు!"

డ్రైవరు నవ్వలేదు. బయటికి వెళ్ళి, బండి దగ్గర నిలబడ్డ కూతుర్ని రెక్క పట్టుకుని లోపలికి తీసుకొచ్చాడు. "ఆ మాటే దీనికి చెప్పండి. నేను చెబితే వినదు."

పిల్ల మొహం పక్కకు తిప్పుకుని నిలబడింది. ముక్కు కుర్చీలోంచి లేచాడు.

"నువ్వు తడపలేదమ్మా. నాకు తెలుసు."

"ఎప్పుడు తెలుసు?"

"అప్పుడే."

పిల్ల తిరిగి సూటిగా చూసింది. "మరి నాన్న కొడుతుంటే చూస్తూ కూర్చున్నారేంటి?"

ముక్కు చేతిలోని కంట్రోలర్లను బల్ల మీద పెట్టేశాడు. డ్రైవరు కూతురి భుజం మీద చెయ్యి వేయబోయాడు. ఆ పిల్ల చెయ్యి పడకుండా జరిగి, ముందే గుమ్మం దాటింది. డ్రైవరు వెనకాలే, కాస్త ఎడంగా నడిచాడు.

బావ తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. అరవలేదు. "పైకెళ్ళి సామాను సర్దుకో" అన్నాడు, అంతే.

సర్దడానికి ఏముంది కనక. నాలుగు చొక్కాలు, దుప్పటి, తీగ చుట్టే రోజుల నాటి కత్తెర. అక్క గుమ్మంలో నిలబడి చూస్తోంది. చెంగుతో చేతులు తుడుచుకుంటూనే ఉంది.

"నోరు మూసుకుని ఉంటే పోయేదేముందిరా? ఒక్క మాటే కదా."

"అక్కా, ఇదంతా నీకు తెలుసా?"

"ఇల్లెలా గడుస్తోందనుకున్నావు? నీ కంచంలోకి కూడు ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నావు?"

అతను మంచం అంచున కూర్చుండిపోయాడు. బావ మీద రోత ఉండనే ఉంది, తన మీద ఇంకా ఎక్కువ ఉంది. అక్కను మాత్రం ఇన్నాళ్ళూ అందులో కలపలేదు. ఇప్పుడు ఆవిడ చేతులకేసి చూడబుద్ధి కాలేదు.

"మీ బావతో నేను మాట్లాడతాను. సాయంత్రం దాకా ఆగు. నీ నోటితో ఒక్కసారి తప్పయిందని చెప్పు, చాలు."

"ఎవరికి చెప్పాలక్కా?"

ఆవిడ వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు చప్పుడు చేసింది. అతను సంచి భుజాన వేసుకుని మెట్లు దిగుతుంటే వెనకాలే పరుగున వచ్చి, కళ్ళు ఎత్తకుండా, టిఫిన్ క్యారియర్ చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. అడుగున వేడి అతని చేతికి తగులుతోంది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు, ఆకలిగానే ఉంది. వంగి, ఎవరి కాలికీ తగలకుండా గోడ వారగా దాన్ని మెట్టు మీద పెట్టి, వీధిలోకి దిగాడు.

మూత సరిగ్గా బిగించలేదేమో, క్యారియర్ పై గిన్నెలోంచి సన్నగా ఆవిరి వస్తూనే ఉంది.