పాయలు వేసిన కంకి

నా భార్య పోయిన పదకొండో నెలలో ఆమె పెంచిన మిరియాల తీగకు వేరుకుళ్ళు తగిలింది.

మిరియాల కంకి ఒంటి కాడ. కొమ్మలు వేయదు. ఆ ఒక్క తీగకు వేసింది, కంకికి ఏడెనిమిది పాయలు. నా భార్య ఆ మాట నాలుగేళ్ళు చెప్పింది.

"ఒక్కసారి నిచ్చెనెక్కి చూడవయ్యా."

"ముందు కళ్ళద్దాలు మార్చుకో," అన్నాను.

ఆమె పోయాకే ఎక్కాను. పాయలున్నాయి.

తీగ పూర్తిగా ఎండకముందే పైనుంచి పన్నెండు ముక్కలు కోశాను. నర్సరీలో పనిచేసే బావమరిది వేళ్ళు పుట్టించే హార్మోను ఇచ్చాడు. పక్కనే కొమ్మలు పుట్టించేది కనిపిస్తే అడక్కుండా తెచ్చుకున్నాను. పాయలు వేసే గుణం పోకూడదని పదకొండు ముక్కలు అందులోనే ముంచాను. సీసా అయిపోయింది. పన్నెండోదానికి వేళ్ళ మందు పెట్టాను. ఒక్కో ముక్కను ఒక్కో మట్టి సంచిలో గుచ్చాను.

పది రోజులకు పదకొండూ చిగురు తొడిగాయి. పొంగిపోయాను. మూడో వారం నల్లబడ్డాయి.

బావమరిది వచ్చి ఒకదాన్ని పీకాడు. కింది కొస నున్నగా ఉంది.

"కొమ్మల మందు వేళ్ళను రానివ్వదు బావా. కాడలో ఉన్న తిండి తిని చిగురేశాయి. అదీ అయిపోయింది."

"పాయలు పోతాయేమోనని..."

"అది తీగతో పుట్టిన గుణం. అక్క ఉంటే నీ చెవి మెలేసేది."

"మీ అక్క ఉంటే నీకు సీసాలు దాచుకోవడం నేర్పేది."

అతను నవ్వలేదు. పన్నెండో సంచిని నీడలోకి జరిపాడు.

"మళ్ళీ కోయడానికి తీగ లేదు. ఇదొక్కటే. నలభై రోజులు ముట్టుకోకు. వేళ్ళొచ్చాయా అని పీకి చూడకు, తెగిపోతాయి."

"నేనేం చిన్నపిల్లాణ్ణా?"

"కాదు. అదే నా భయం."

ముప్ఫై ఒక్క రోజులు ముట్టుకోలేదు. ఆకు వాలలేదు, చిగురూ రాలేదు. బతికుందో, చచ్చి పచ్చగా ఉందో తెలియదు. ఆమె కుర్చీ వేసుకుని పొద్దస్తమానం దాని ముందే కూర్చున్నాను. అన్నం సయించలేదు.

ముప్ఫై రెండో రోజు పొద్దున కాడ పట్టుకుని కొంచెం లాగాను. రాలేదు. మట్టిని పట్టుకుని ఉంది. అక్కడ వదిలేయాల్సింది. కళ్ళతో చూడాలని పీకాను.

కింది కణుపు చుట్టూ తెగిన వేళ్ళ తెల్లని మొదళ్ళు అయిదు. మిగతా వేళ్ళు మట్టిలోనే ఉండిపోయాయి.

మళ్ళీ వేళ్ళ మందు రాశాను. తిరిగి గుచ్చాను. నీళ్ళు పోశాను. మధ్యాహ్నానికి ఆకు వాలింది.

బావమరిదికి ఫోన్ చేశాను.

"వేళ్ళొచ్చాయిరా," అన్నాను.



"నీకెలా తెలుసు బావా?"