పన్నెండు మిల్లీమీటర్ల ముక్క

పడవ ముక్కను ధర్మరాజ వార్తాపత్రికలో చుట్టి తెచ్చారు. అరచేతిపాటి ముక్క. పగిలిన చోటు పక్కనే కోయించారట. దాన్ని మా తిన్నె మీద పెట్టి నాకు స్కేలు అందించారు.

“మీరే కొలవండి టీచరమ్మా. పన్నెండు మిల్లీమీటర్లు ఉండాది. ఆ కాలం ఫైబరు ఇది. ఇప్పటి పడవలెల్లాం అప్పళం.”

కొలిచాను. పన్నెండే.

“అప్పుడు తప్పు పడవది కాదు కదమ్మా,” అంటూ జేబులోంచి ఒక కాగితం తీశారు. ‘వీరప్ప పడవను పరీక్షించి గట్టిగా ఉందన్నాడు. ఆ మాట మీదే నీళ్లలోకి దించాం’ అని తమిళంలో రాసి ఉంది. భార్యగా నేను సంతకం పెడితే పోలీసు విచారణ ముగుస్తుంది.

“పోయినాయన పేరెందుకయ్యా ఇందులో?”

“పోయినాయనకు ఏమొస్తుందమ్మా? స్టేషనుకు తిరగాల్సింది బతికుండే మేము కదా.”

మా ఆయన వీరప్ప ఉడుమలైపేటలో నీళ్ల ట్యాంకులు చేసే ఫైబరు పట్టరైలో ఇరవై రెండేళ్లు పనిచేశారు. ధర్మరాజకు కొబ్బరితోపులు, ఒక మిల్లు ఉన్నాయి. తూత్తుక్కుడిలో మూలపడి ఉన్న నలభై ఐదేళ్ల తెరచాప పడవను కొని, ఆనకట్ట నీళ్లలో తిప్పాలని తెచ్చారు. సరస్వతీ పూజ నాడు దాన్ని కొబ్బరికాయను చూసినట్టే చూశారట. వేలితో కొట్టి, చెవి ఆనించి, “ముదిరిన కాయ ఇది,” అన్నారట. తరువాత మా ఆయన చిన్న సుత్తితో తట్టారు. అడుగంతా కంగుమంది. ఎడమ పక్క ఒక్కచోట మాత్రం మొద్దు శబ్దం.

సాయంత్రం ఇంటికొచ్చి, “ఒక చిల్లు పెట్టి చూడాల,” అన్నారు. “మందం ఉండాది. లోపల ఏముండాదో తెలీలేదు. గాజునూలు వస్తే సరి. తెల్లపొడి వస్తే పుట్టీ.”

డ్రిల్లు నా పుస్తకాలతోపాటు సరస్వతి పటం ముందు ఉంది, చందనం, కుంకుమ బొట్లతో. మా వీధిలో ఆ రోజు పిల్లల పలకనైనా ఎవరూ తాకరు. మర్నాడు మళ్లీ పూజ చేశాకే తీస్తారు.

“పుస్తకమే ముట్టగూడని రోజు, డ్రిల్లు ఎత్తుతారా? రేపు పూజ అయినాక తీసుకోండి,” అన్నాను.

“పొద్దున ఆరుకే దించుతారు.”

“మీరు చెప్తే ధర్మరాజ ముదలాళి ఆగడా?”

“ఆయన ఎప్పుడో కాయ కొట్టేసినాడు.” నవ్వారు. “సరి టీచర్, డ్రిల్లుకు లీవు లెటరు రాసెయ్.”

మర్నాడు, దగ్గరుండి చూసుకుంటానని ఆయనా పడవ ఎక్కారు. గాలి లేచి, నీటి కింది బండకు ఎడమ పక్క తగిలింది. అందరికీ ఉన్నట్టే ఆయనకూ తేలే జాకెట్టు ఉంది. పగిలిన చోటును మూయడానికి లోపలికి దూరాలంటే దాన్ని విప్పాలి. విప్పారు. పడవ బోర్లపడింది.

ముక్క అంచును వెలుతురుకు తిప్పాను. లోపలివైపు నూలు పొరలు మూడు మిల్లీమీటర్లు. వాటి మీద తొమ్మిది మిల్లీమీటర్ల తెల్ల పుట్టీ. ఎప్పటి దెబ్బనో ఎవరో పూడ్చి రంగు వేశారు. గోటితో గీస్తే రాలింది.

“బలం మూడేనయ్యా. తక్కింది పూత.”

“మీరు పిల్లలకు పాఠం చెప్పేవారు. ఫైబరు సంగతి మీకేం తెలుసు?”

“ఇరవై రెండేళ్లు అన్నం పెడుతూ విన్నాను.”

ధర్మరాజ ముక్క కోసం చేయి చాపారు. నేను ఇవ్వలేదు.

“అది నా కాగితంతోపాటు స్టేషనుకు వస్తుంది. మీరు పోయి రండి.”

ఆయన వెళ్లాక కూర్చుని రాశాను. మా అత్త ఆరాయికి చదువు రాదు. గడపలో కూర్చుని, “ఏం రాసినావే? చదువు,” అంది. చదివాను. మొద్దు శబ్దం, మూడు మిల్లీమీటర్లు, తొమ్మిది మిల్లీమీటర్లు.

“నా బిడ్డ పేరు నిలిపినావు. పెట్టు సంతకం.”

ఇంకో వాక్యం ఉంది. విచారణలో ఎవరూ దాన్ని అడగరు. ధర్మరాజకు అది తెలిసి ఉంటే తప్పు నా మీదే వేసేవారు, ఈ స్కేలుతో పనే లేకపోయేది. అదీ చదివాను. ‘ముందురోజు చిల్లు పెట్టి చూడాలని ఆయన డ్రిల్లు కోసం వచ్చారు. పూజలో ఉందని నేను తియ్యనివ్వలేదు.’

అత్త నా ముఖం చూడలేదు. గోడకున్న పటం వైపు చూసింది. మూడు వారాలైనా డ్రిల్లు అక్కడే ఉంది. చందనం ఎండి పెచ్చులు రాలుతోంది.

“నీ పూజ ఇంకా కాలేదా?” అంది.

సంతకం పెట్టాను.