డెబ్బై రెండు కిలోమీటర్లు

కారును తన పేరుకు మార్చుకు రమ్మని ఇన్సూరెన్సు వాళ్ళు అనడంతో, టైలరమ్మ మంగళవారం పొద్దున దుకాణం తీయకుండా సర్వీస్ సెంటరుకు వెళ్ళింది. కారు ఆమె భర్తది. ఆయన పోయి నాలుగు నెలలైంది. తూనికలు కొలతల శాఖలో ముప్ఫై ఒక్కేళ్ళు ఇన్‌స్పెక్టరుగా చేసి, రిటైరైన ఏడాది ఈ కరెంటు కారు కొన్నాడు. వీధిలో అందరికీ ఆయన ఇన్‌స్పెక్టరుగారే.

కౌంటరులో ఉన్న అడ్వైజరుకు నలభై ఏళ్ళుంటాయి. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని కాగితాలు తిరగేస్తూ, మరణ ధ్రువపత్రం దగ్గర ఆగాడు.

"సారు పోయారా? నాకు తెలీదమ్మా. టైర్లలో గాలి మేం పట్టాక, తను తెచ్చుకున్న మీటరుతో మళ్ళీ చూసుకునేవారు."

"నేను కత్తిరించిన గుడ్డ కూడా మళ్ళీ కొలిచేవారు బాబూ. మీరొక్కరే కాదు."

ఇద్దరూ నవ్వారు. స్క్రీను మీద రెండు గడులున్నాయి. ఒకటి అమ్మకం, రెండోది యజమాని మరణం. అమ్మకమైతే ఫీజు ఉంది, మరణమైతే లేదు. "మీకెందుకమ్మా ఈ దండగ" అంటూ అతను రెండోదాని మీద నొక్కి, కాగితం స్కాన్ చేశాడు. పది నిమిషాల్లో పని అయిపోయింది.

ఆమె వెళ్ళి కారులో కూర్చుంది. అలవాటు కొద్దీ మిగిలిన దూరం ఎంతో చూసింది. పొద్దున ఇంటి దగ్గర మూడువందల పన్నెండు కిలోమీటర్లు చూపించింది. ఇంటి నుంచి ఇక్కడికి తొమ్మిది. ఇప్పుడు రెండువందల ముప్ఫై ఒకటి చూపిస్తోంది. ఆ తొమ్మిదీ పోను, డెబ్బై రెండు తక్కువ.

మళ్ళీ కౌంటరు దగ్గరికొచ్చింది.

"బాబూ, ఈ కాస్సేపట్లో నా బండిలో చార్జింగంతా ఎవరు తాగేశారు?"

అడ్వైజరు కళ్ళజోడు కిందికి దించుకుని స్క్రీను చూశాడు.

"అమ్మా, సారు అప్‌గ్రేడ్ కొన్న సంగతి మీకు తెలుసా?"

"ఏ అప్‌గ్రేడు?"

ఈ కార్లన్నిటిలో ఒకే బ్యాటరీ ఉంటుంది. తక్కువ ధరకు కొన్నవాళ్ళకి అందులో కొంత భాగానికి కంపెనీ తాళం వేసి ఇస్తుంది. డబ్బు కడితే ఆఫీసులోంచే తీస్తుంది. ఇది ఆమెకు తెలుసు. కారు కొన్న వారం రోజులూ ఇంట్లో ఇదే గోల. "పది కిలోల సంచి మన చేతికిచ్చి, ఎనిమిది కిలోలే వాడుకో అంటాడు. ఏ కొట్టువాడైనా ఇలా చేస్తే తక్కెడ జప్తు చేసేవాణ్ణి" అనేవాడు ఆయన. తాళం పడ్డ భాగం బరువు కూడా ఎక్కడో చదివి చెప్పాడు. "ఎనభై కిలోలు. ఒక మనిషిని ఊరికే ఎక్కించుకుని తిరుగుతున్నాం." చచ్చినా ఆ డబ్బు కట్టనన్నాడు.

"ఆయన కొనలేదండీ. కొనరు" అంది.

అడ్వైజరు స్క్రీను ఆమె వైపు తిప్పాడు. కిందటేడు మార్చి పదో తారీఖు. ధర ఆయన పింఛనులో మూడు నెలలు.

ఆమె కుర్చీలో కూర్చుంది.

ఆమె అక్క నూట ఇరవై ఎనిమిది కిలోమీటర్ల దూరంలో, మతిమరుపు వచ్చిన పెద్దవాళ్ళుండే హోములో ఉంది. వారం విడిచి వారం, ఆదివారం నాడు మొగుడూ పెళ్ళాలు వెళ్ళి చూసొచ్చేవారు. రానూ పోనూ రెండువందల యాభై ఆరు. మొదట్లో చార్జింగు చాలేది కాదు. తిరుగు దారిలో చార్జింగు స్టేషను దగ్గర నలభై నిమిషాలు ఆగేవారు. ముప్ఫై ఏళ్ళు కుట్టుపని చేసిన కళ్ళు ఆమెవి. చీకటి పడితే ఎదుటి బళ్ళ లైట్లు చెదిరిపోయి కనిపిస్తాయి. ఆయనకూ చీకట్లో నడపడం ఇష్టం లేదు. అందుకని అక్క దగ్గర్నుంచి పెందలాడే లేచి వచ్చేవారు.

కిందటేడు ఆ ఆగడం మానేశారు. ఎలా చాలుతోందని ఆమె అడిగితే, "నడపడం తెలియాలి. అరవై దాటనివ్వను చూడు" అన్నాడు.

"నత్త ఒకటి మనల్ని దాటుకుని పోయింది, చూసుకున్నారా?" అని ఆమె ఎగతాళి చేసింది.

ఆయన పోయాక ఆమె ఒక్కతే వెళ్ళొస్తోంది. నాలుగు నెలలుగా అరవై దాటలేదు. ఆయన నేర్పిన విద్యే తనను ఇంటికి చేరుస్తోందనుకుంది.

మార్చి పదో తారీఖు. చెవి మిషనుకు కొలత ఇచ్చి వస్తానని వెళ్ళి, ఆయన ఉత్త చేతులతో వచ్చింది ఆ వారమే. "ఇంకా అవసరం లేదన్నాడు డాక్టరు. అయినా నువ్వనేవాటిలో సగం వినకపోతేనే నయం" అన్నాడు. ఆ తర్వాత ఏడాది పాటు ఆమె వంటింట్లోంచి గొంతు చించుకుని అరిచింది. చెవిటి మేళమని తిట్టింది కూడా.

"ఆ తాళం మళ్ళీ తీయండి" అంది.

"ఆ అప్‌గ్రేడు బండికి కాదమ్మా, ఖాతా ఉన్న మనిషికి. సారు పేరు తీసేయగానే తాళం పడిపోయింది. సారు ఫోనులోంచి ముందు మిమ్మల్ని కుటుంబ సభ్యురాలిగా చేర్చి ఉంటే మీకు వచ్చేసేది. రెండు నిమిషాల పని."

"ఆయన ఫోను నా సంచిలోనే ఉంది."

అడ్వైజరు తల దించుకున్నాడు. "ఫీజు తప్పుతుంది కదా అని నేనే తొందరపడ్డాను. ఒకసారి పోయారని రాశాక ఈ కంప్యూటరు వెనక్కి తీసుకోదు. పైవాళ్ళకి రాస్తాను గానీ, ఎప్పుడూ ఒప్పుకోలేదమ్మా."

"మీరు రాసింది నిజమే కదా బాబూ."

కొత్తగా కొంటే ఎంతో చూశాడు. ఆయన పింఛనులో సగం ఇప్పుడు ఆమెకు వస్తోంది. ఆ సగంలో ఎనిమిది నెలలు.

"ఆయన కట్టింది నా లెక్కలో ఆరు నెలలేగా?"

"ధర బండికో రకంగా ఉంటుందమ్మా. పొద్దున ఇదే బండి ఉన్నాయన వచ్చాడు, మీకు చూపించిన దాంట్లో సగం చూపించింది. ఊళ్ళోనే తిరుగుతాడు. అక్కర్లేనివాడికి తగ్గిస్తే కొంటాడేమోనని."

"అక్కరున్నవాళ్ళకి?"

వారం విడిచి వారం రెండువందల యాభై ఆరు కిలోమీటర్లు తిరిగిన లెక్క అతని ముందు స్క్రీను మీదే ఉంది.

"ఆయన ఉండుంటే మీ కంప్యూటర్ని జప్తు చేసేవారు" అని ఆమె సంచి తీసుకుని లేచింది.

ఆదివారం ఒంటి గంటకు హోము తలుపులు తీయగానే లోపలికి వెళ్ళింది. అక్క తల దువ్వింది, గోళ్ళు తీసింది. ఏడాదిగా నాలుగింటి దాకా కూర్చునేది. ఇప్పుడు మూడుంబావుకే లేచింది.

"అప్పుడేనా? ఇప్పుడేగా వచ్చావు" అంది అక్క. "మా మరిది తొందరపెడుతున్నాడా?"

పోయిన మూడుసార్లూ ఆమె నిజం చెప్పింది. మూడుసార్లూ అక్క అప్పుడే విన్నట్టు ఏడ్చింది.

"అవునక్కా. బండిలో కూర్చున్నారు."

"లోపలికొస్తే అరిగిపోతాడా? నెమ్మదిగా నడపమను."

"ఆయన నెమ్మదిగానే నడుపుతారక్కా."

అక్క కిటికీలోంచి కారు వైపు చెయ్యి ఊపింది. కారు దగ్గరికి చేరి చూస్తే ఇంకా ఊపుతూనే ఉంది.

స్టేషను దగ్గర వైరు తగిలించి, ఆమె వెనక సీట్లోంచి కుట్టాల్సిన ప్యాంటు ఒకటి తీసింది. అంచు మడిచి కుట్టడం మొదలుపెట్టింది. ఒక కాలు అయ్యేసరికి ఫోను మోగింది. కంపెనీ నుంచి మెసేజ్. దారిలో ఆగే పని లేకుండా ప్రయాణించండి, మీ కోసమే ఈ ధర అని ఉంది. మంగళవారం చెప్పినదానికంటే ఇంకో అర నెల పెరిగింది. ఫోను బోర్లా పెట్టి, దారం కొరికి, రెండో కాలు అందుకుంది.

నలభై నిమిషాలయ్యాక వైరు తీసి రోడ్డెక్కింది. ఇప్పుడు చార్జింగు కావలసినంత ఉంది. వెలుతురే తక్కువైంది, కాస్త తొందరగా పోవాలి. అయినా ముల్లు అరవై దాటలేదు. వెనకనుంచి లారీ ఒకటి రెండుసార్లు హారన్ కొట్టి దాటుకుని పోయింది.

"పోనీలెండి" అంది పక్క సీటుతో. కొంచెం గట్టిగానే అంది.