తేలికగా ఏదైనా

మెనూ కార్డులు చేతికొచ్చేసరికి లోర్నా చూస్తున్నది కూతురి వైపు కాదు, తన తల్లి నోటి వైపు. ఆర్డిస్‌కు డెబ్బై నాలుగేళ్లు. ఏ హోటల్లో కూర్చున్నా ఆమె మొదట అనే మాట ఒకటే. ఈ ప్రయాణంలో ఆ మాట అనొద్దని లోర్నా ఒహాయోలో విమానం ఎక్కేముందు ఒకసారి, పొద్దున ఇక్కడి వినోదాల పార్కు గేటు దగ్గర ఇంకోసారి బతిమాలుకుంది.

"ఎండ మాడ్చేస్తోంది. తేలికగా ఏదైనా చెప్పుకుందాం," అంది ఆర్డిస్ కళ్లజోడు సవరించుకుంటూ.

అనేసింది.

కెల్సీ తల ఎత్తలేదు. పదిహేనేళ్ల పిల్ల, ఫ్లోరిడా ఎండలో పొడుగు చేతుల స్వెటర్ వేసుకుని కూర్చుంది. తిండి మానేసే జబ్బుతో ఏడు వారాలు ఆసుపత్రిలో ఉంది. ఇంటికొచ్చి ఇంకా నెల కాలేదు. ఈ రిసార్టుకు తీసుకొస్తానని జబ్బుకు ముందే లోర్నా మాటిచ్చింది. డాక్టరు సరేనన్నాడు గానీ షరతులు పెట్టాడు. పళ్లెం ఖాళీ కావాలి. ఎదురుగా కూర్చున్నవాళ్లు కూడా తినాలి. బల్ల దగ్గర లావు, సన్నం, బరువు, తేలిక అన్న మాటలే రాకూడదు. వరసగా రెండు పూటలు తప్పితే పెట్టె సర్దుకుని వెనక్కి, మళ్లీ ఆసుపత్రికి.

పొద్దున కెల్సీ తన శాండ్‌విచ్‌లో ముప్పాతిక భాగం కాగితం రుమాల్లో చుట్టి చెత్తబుట్టలో పడేసింది. లోర్నా చూసింది. అంతమందిలో అడిగే ధైర్యం లేక చూడనట్టు ఊరుకుంది. అంటే ఒక పూట పోయింది. ఇది రెండోది.

ఆర్డరు తీసుకోవడానికి వచ్చిన మనిషి పేరు రాయ్స్ అని కోటు మీద రాసుంది. నెరిసిన మీసం, నెమ్మదైన గొంతు. ఆర్డిస్ మాట పట్టుకుని సాయం చేయబోయాడు.

"నిజమేనండీ. మధ్యాహ్నం మళ్లీ రైడ్లు ఎక్కేవాళ్లు పెద్ద ప్లేట్ల జోలికి పోరు. చిన్న ప్లేట్లే ఒకటో రెండో చెప్పుకుంటారు. చల్లని టమాటా సూప్ ఉంది, పుచ్చకాయ సలాడ్ ఉంది. కడుపుకి హాయిగా ఉంటుంది."

"నాకు సలాడ్," అంది కెల్సీ వెంటనే. "అదొక్కటి చాలు."

నవ్వింది కూడా. ఆ నవ్వు లోర్నాకు తెలుసు. పోయిన చలికాలమంతా ఆ నవ్వుకే మోసపోయింది తను.

"పెద్ద ప్లేటు ఏదైనా చెప్పుకో తల్లీ."

"ఎందుకు? అమ్మమ్మ చెప్పుకోవట్లేదుగా. పోనీ నువ్వేం చెప్పుకుంటావో నేను చెప్పనా? సలాడ్. నూనె, సాసు పక్కన గిన్నెలో. రొట్టె వద్దు. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ అదేగా నీ భోజనం!"

రాయ్స్ కలం ఆగిపోయింది. ఆర్డిస్ నీళ్ల గ్లాసు అందుకుంది.

"సరే, ఒక పని చేద్దాం," అంది కెల్సీ. చూపు తిప్పుకోలేదు. "నువ్వేం చెప్తే నాకూ అదే. నువ్వెంత తింటే నేనూ అంత. ఒక్క ముద్ద కూడా ఎక్కువ తినను. చెప్పమ్మా. ఆయన నిలబడున్నాడు."

లోర్నా కార్డులోకి చూసింది. అక్షరాలు అలుక్కుపోయాయి. కూతురు అన్నదాంట్లో అబద్ధం లేదు. పళ్లెం నిండా వడ్డించుకుని తిని ఆమెకు ఇరవై ఏళ్లు దాటింది. ఆసుపత్రి నుంచి వచ్చాక కూడా కెల్సీ ముందు కూర్చుని ఫోర్కు అటూ ఇటూ తిప్పుతూ తిన్నట్టు నటించింది. పిల్ల కనిపెట్టదనుకుంది. నటనలో తనను మించిన పిల్ల ఎందుకు కనిపెట్టదు?

"బీఫ్," అంది చివరికి. "నెమ్మదిగా ఉడికించింది ఉందే, అది. వెన్న వేసి మెదిపిన ఆలుగడ్డ, చిక్కుళ్లు, పక్కన బన్ను. అన్నీ. ఇద్దరికీ."

"లోర్నా! అంతానా?" అంది ఆర్డిస్. "ఈ వయసులో అదంతా ఎక్కడ పెట్టుకుంటావే? చూసేవాళ్లు ఏమనుకుంటారు?"

"అమ్మా, ఇంకొక్క మాట అన్నావంటే నువ్వు వేరే బల్ల దగ్గర కూర్చోవాల్సొస్తుంది."

జన్మలో తల్లితో అలా మాట్లాడలేదు లోర్నా. ఆర్డిస్ మొహం ఎర్రబడింది. ఆమె సూపు చెప్పుకుని కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

పళ్లేలు వచ్చాయి. మాంసం మీద పులుసు నిగనిగలాడుతోంది, ఆలుగడ్డ మీద వెన్న కరుగుతోంది. కెల్సీ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని తల్లినే చూస్తోంది. లోర్నా మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. రుచి తెలిసేలోపే భయం తెలిసింది. రెండో ముద్ద. మూడోది. బన్ను విరిచి వెన్న రాసింది. పదకొండేళ్లప్పుడు బన్ను కోసం చాపిన చేతి మీద ఆర్డిస్ చిన్న దెబ్బ వేసి, "నడుము చూసుకో" అని నవ్వడం గుర్తొచ్చింది. బన్ను తినేసింది.

కెల్సీ ఫోర్కు తీసింది. మాంసాన్ని పీలికలుగా చీల్చింది, ఆలుగడ్డను అంచుల దాకా పులిమింది. తర్వాత ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. నమిలింది, నమిలింది, మింగింది. పక్క బల్లల వాళ్లు వచ్చారు, తిన్నారు, వెళ్లారు. సూపు అయిపోయిన ఆర్డిస్ చప్పుడు చేయకుండా లేచి బయటి వసారాలోకి వెళ్లింది.

సగం దగ్గర కెల్సీ ఫోర్కు పడేసింది.

"ఇక నా వల్ల కాదు. నువ్వంటేనే అసహ్యం నాకు."

"పర్లేదు. తిట్టుకో. తిను."

"నీకేం? నీకు భయం లేదు."

"లేదని ఎవరన్నారు?" లోర్నా చెయ్యి చూపించింది. ఫోర్కు పట్టుకున్న వేళ్లు గజగజ వణుకుతున్నాయి. "నీకంటే ఎక్కువ వణుకుతున్నా. పారిపోదామా అని తలుపు వైపు నాలుగుసార్లు చూశాను. నువ్వు లెక్కపెట్టలేదా?"

కెల్సీ ఆ చేతివైపు చూసింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నీకూనా?" అంది చిన్నపిల్లలా.

"నాకూ. నీకంటే ముందు నుంచీ. నీకు అంటించింది నేనేనేమో అని రోజూ భయపడతాను."

అప్పుడే రాయ్స్ వచ్చాడు. పళ్లేలు తీయబోయి ఇద్దరి మొహాలూ చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"చల్లారిపోయినట్టుంది. వేడి చేయించి తెస్తాను. ఈ బల్ల మీకే ఉంచుతాను, తొందరేం లేదు," అన్నాడు. ఏమీ అడగలేదు.

వేడి పళ్లేలు మళ్లీ వచ్చాయి. ఇంకో ముప్పావుగంట పట్టింది. కెల్సీ ఏడుస్తూ తింది, మధ్యలో రెండుసార్లు తిట్టింది, ఒకసారి లేచి నిలబడి మళ్లీ కూర్చుంది. లోర్నా ముద్దకు ముద్ద తిన్నది. ఆఖరి చిక్కుడుకాయ దగ్గర ఇద్దరూ ఒకరికోసం ఒకరు ఆగారు. తర్వాత ఒకేసారి తినేశారు.

వసారాలో ఆర్డిస్ రెయిలింగ్ పట్టుకుని నిలబడి ఉంది. "తిన్నదా?" అని అడిగింది, వెనక్కి తిరగకుండానే.

"తిన్నది. నేనూ తిన్నాను."

క్షమించమని అడిగే అలవాటు ఆర్డిస్‌కు లేదు. కెల్సీ చెయ్యి పట్టుకుని, "నీడలో నడుద్దాం పద," అంది.

మర్నాడు పొద్దున మళ్లీ గొడవే. కెల్సీ పాలగ్లాసు తోసేసింది. లోర్నా తన గ్లాసులోనూ పాలు పోసుకుని ఎదురుగా కూర్చుంది. ఆ గ్లాసులు ఖాళీ అయ్యేసరికి గంటన్నర పట్టింది. నాలుగు రోజుల ప్రయాణంలో రైడ్లు ఎక్కింది తక్కువ, బల్లల దగ్గర కూర్చున్నది ఎక్కువ. కానీ రెండు పూటలు వరసగా ఏ రోజూ తప్పలేదు. అనుకున్న రోజునే, అనుకున్న విమానంలోనే ముగ్గురూ ఇంటికి వెళ్లారు.