నాలుగువందల పదిహేడో బిళ్ళ

నా పేరు సదయ్య. మాది గోదావరిఖని. పేర్ల గోదావరి ఉంటది, నల్లాల ఉండదు. పక్కన రామగుండం. ఎండకాలం వచ్చిందంటే రాముడు నీడకు జరుగుతడు, ఉత్త గుండమే మిగుల్తది. ఇరవై రెండేండ్ల సంది బాయిల పని చేస్తున్న. బొగ్గు బాయి. నీళ్ల బాయిల బకెట్ దిగుతది, మా బాయిల మేం దిగుతం.

దిగేటప్పుడు లాంపురూంల మన నంబరు బిళ్ళ ఇచ్చి దీపం తీసుకుంటం. ఎక్కినంక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటం. బోర్డు మీద బిళ్ళ వేలాడుతున్నదంటే ఆ మనిషి ఇంకా భూమి కడుపులనే ఉన్నట్టు.

రెండువేల తొమ్మిది, మే నెల. ఆ రోజు సాయంత్రం అయిదు లోపట నేను బదిలీ కాయిదం మీద సంతకం పెట్టాలె. కొత్తగూడెం మనిషొకాయన నా జాగకు వస్తడు, నేను ఆయన జాగకు పోత. కాయిదాలన్ని అయినయి, నా సంతకమే తక్కువ. అదే ఆఖరు దినం. దాటితే ఆయన ఇంకొకలతోని మార్చుకుంటడు.

మా ఆమె జమునది కొత్తగూడెమే. పద్నాలుగేండ్లు ఈ దుమ్ముల కాపురం చేసింది. పొద్దుగాల తెల్లచీర ఆరేస్తే పగటీలికి బూడిద చీర. "కొనేటప్పుడు రంగు చూసుడెందుకు, ఆఖరుకు అన్నీ గిదే రంగయితయి" అంటది. ఆ పొద్దు గిన్నెలు మూట కట్టుకుంట ఒకటే మాట చెప్పింది: "సంతకం పెట్టకుంట వచ్చినవో, ఈ మూట నేనొక్కదాన్నే ఎత్తుకపోత."

షిఫ్టు మూడింటికి అయితది, ఆఫీసు బాయి గేటు అవుతలనే. ఫికర్ లేదనుకున్న.

మమ్మల్ని పైకి గుంజే ఇనుప డబ్బాను కేజీ అంటం. పన్నెండుమందిమి ఎక్కినం. ఒక్కొక్కడు డెబ్బై కేజీలు, అందరం ఒక్క కేజీల. సగం దూరం వచ్చి అది ఒక్క కుదుపు ఇచ్చి ఆగింది. పైన కరెంటు పోయింది.

ఎటు చూసినా గోడ. ముక్కు గోక్కుందామని చెయ్యెత్తితే పక్కోని ముక్కు దొరుకుతున్నది. పైనుంచి ఒక్కొక్క నీటిచుక్క సరిగ్గ నా మెడ మీదనే పడుతున్నది. పక్కకు జరుగుదామంటే అసలు పక్కే లేదు.

నా ఎదురుంగ కుతుబుద్దీన్. ఇరవై రెండేండ్ల జోడి, ఇద్దరం ఒక్కనాడే నౌకరిల చేరినం.

"చూసినవా సదన్నా, ఊరు నిన్ను ఇడుస్తలేదు" అన్నడు.

"ఊరు కాదు భాయ్, తాడు పట్టుకున్నది. అది ఇడిస్తే ఇద్దరం పోతం."

నవ్విండ్రు. వచ్చే నెల రిటైరయ్యే కొమురెల్లి కాక మూలకెల్లి అందుకున్నడు. "అరే సదిగా, ఈ ఊర్ల ఏం తక్కువరా నీకు?"

"గాలి, కాకా."

"గోదారి ఒడ్డున సమ్మక్క జాతర?"

"జాతరల నాకన్న ముందు కుతుబ్ భాయే బెల్లం పంచుతడు. నేను లేకున్నా నడుస్తది."

"మా మహబూబీ చేసే షీర్‌ఖుర్మా?" అన్నడు కుతుబ్.

"గదొక్కటి బరువైన మాట. డబ్బాల పోసి పంపు."

"మరి ఆడ నీ జోకులకు ఎవడు నవ్వుతడు?"

"ఈడ నవ్వుతున్నరా?"

ఈసారి ఎవలూ నవ్వలే.

మూడున్నర. మూడు యాభై. నాలుగు. గడియారం చూసుకునుడే పనైంది. నేను ఈ ఊరి క్వార్టర్లనే పుట్టిన. నలభై రెండేండ్లు ఈ ఊరు నన్ను గిట్లనే పట్టుకున్నదనిపించింది. చుట్టూ గోడ, మెడ మీద చుక్క. పైకి పోనియ్యదు, కిందికి దింపదు.

నాలుగుంబావుకు కరెంటొచ్చింది. అయినా పైకి గుంజలే. ముందుగాల మెల్లగ కిందికి దింపిండ్రు, తాడు చూసుకున్నరు. ఇగ నలుగురు నలుగురినే పంపుతమన్నరు, బీపీ, షుగరు ఉన్నోళ్లు ముందు.

కుతుబ్ నా చెయ్యి పట్టుకున్నడు. "మనిద్దరం ఆఖరుకు పోదాం. పెద్దోళ్లను పోనియ్యి."

"టిఫిన్ డబ్బా లోపల మరిచిన భాయ్, తెచ్చుకుంట" అన్న. చెయ్యి ఇడిపించుకున్న. చీకట్ల ఎనుకకెల్లి తిరిగొచ్చి మొదటి ట్రిప్పులనే ఎక్కిన. బీపీ అని చెప్పిన. అబద్ధం గాదు, అప్పటికి పెరిగింది. బొగ్గు పూసుకున్నంక మొఖాలన్నీ ఒక్క తీరే, ఎవలూ గుర్తుపట్టలే.

పైకి రాంగనే ఒకటే ఉరుకుడు. ఆఫీసుల లైను ఉండె, నా వంతు వచ్చేసరికి అయిదుకు అయిదు నిమిషాలు తక్కువ. ఆఫీసుల క్లర్కు ప్రశాంత్ తల ఎత్తకుంటనే కాయిదం నా దిక్కు నూకిండు. "జల్ది పెట్టు అన్నా, అయిదైతే బీరువకు తాళమే."

పెన్ను మూత తీసిన. అప్పుడే సైరన్ మోగింది.

షిఫ్టు సైరన్ మోగి ఆగుతది. ఇది ఆగుతలేదు. అది ఆగకుంట మోగిందంటే బాయిల ఎవలో చిక్కినట్టు, మా ఊర్ల ఎవలూ ఆలోచన చెయ్యరు, కాళ్లే పోతయి. పెన్ను ఎక్కడ పడ్డదో ఎరుకలే. ఎనుకకెల్లి "సంతకం, అన్నా!" అని ప్రశాంత్ ఒర్లుతనే ఉన్నడు.

బాయి మీద జనం. కిందికి దిగి ఎతికేటోళ్ల లైను అప్పటికే కట్టింది. గంటకు పైన కేజీల నలిగి ఇప్పుడే బయటపడ్డోళ్లే మళ్ల దిగుతమని నిలబడ్డరు. అందరికన్న ముందు కుతుబ్. ఆయన ఎనుక కొమురెల్లి కాక. నెల అయితే ఇంట్ల కూసునే మనిషి.

"జరుగుండ్రి, నేను గూడ వస్త" అని లైన్ల నిలబడ్డ.

"దీపమున్నదా?" అన్నడు ముందటోడు, ఎనుకకు తిరగకుంటనే.

"ఉన్నది" అని నడుముకున్న దీపం బ్యాటరీ మీద చెయ్యేసిన. ఇరవై రెండేండ్ల అలవాటు, ఆ బరువు ఒంట్ల కలిసిపోయింది. నెత్తి మీద దీపం వెలుగుతనే ఉన్నది, నెత్తి లోపలే వెలగలే. "పాపం, ఎవలట?"

"టిఫిన్ డబ్బా తెచ్చుకుంటనని లోపలికి పోయిండట. బిళ్ళ బోర్డు మీదనే ఉన్నది. నాలుగువందల పదిహేడు."

అది నా నంబరు.

ముందల కుతుబ్ సూపర్వైజర్ మీద మొత్తుకుంటున్నడు. "నా చెయ్యి ఇడిపించుకొని పోయిండు సార్! నేనే గట్టిగ పట్టుకోలే. నన్ను పోనియ్యుండ్రి!"

నలభై రెండేండ్లల నాకు ఒక్క జోకు దొరకని నిమిషం అదే.

"భాయ్" అన్న. "నేను ఈడున్న."

కుతుబ్ వచ్చిండు. నా నెత్తి మీద వెలిగే దీపాన్ని చూసిండు. నన్ను చూసిండు. చెంప మీద ఒక్కటి పెట్టిండు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నడు.

"దొరికిందా డబ్బా?" అన్నడు.

లైనంత తిట్లే. కొమురెల్లి కాక తిట్టిన తిట్లు ఈడ రాయరాదు, కానీ ఒక్కటి గూడ మరువలే.

కాలనీ ఆడోళ్లంత గేటు కాడికి ఉరికొచ్చిండ్రు. జమున ఒక్క చెప్పుతోనే వచ్చింది. నన్ను కాళ్ల నుంచి నెత్తి దాక చూసి, కొంగుతో మొఖం తుడుసుకున్నది.

"సంతకం?"

"పెట్టలే. అయిదు దాటింది."

ఆమె నా దిక్కు చూడలే. దిగుదామని నిలబడ్డోళ్లు ఒక్కొక్కరే టోపీలు తీస్తుంటే వాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టింది. తర్వాత కుతుబ్ దిక్కు తిరిగింది.

"భాయ్, ఆ చెయ్యి గట్టిగ పట్టుకో. ఇంటిదాక ఇడువకు. గిన్నెల మూట ఇప్పేది ఈయననే."

రెండో చెయ్యి ఆమె పట్టుకున్నది. దీపం ఇచ్చి బిళ్ళ తీసుకునేటప్పుడు గూడ ఇద్దరిల ఎవలూ ఇడువలే, బిళ్ళను కాకే నా జేబుల ఏసిండు. గట్లనే నన్ను నడిపించుకపోయిండ్రు. దారిపొంటి ముక్కు ఒకటే దురద, గోక్కుందామంటే చెయ్యి ఖాళీ లేదు.