దుర్గయ్య వంతు

పొద్దెక్కేసరికి గొర్రెలదొడ్డి అవతల పాతిపెట్టిన జాగాలోంచి లేచి, కాళ్ల మట్టితోనే వచ్చి దుర్గయ్య పీట మీద కూచుంటాడు. ఆయన పోయి ఏళ్లు గడిచాయి. కొత్తకోట చుట్టుపక్కల ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. దారిలో ఎదురైతే "తిన్నవా మామా" అని పలకరించి తమ దారిన తాము పోతారు.

కోడలు బీరమ్మకు మాత్రం ఆయన్ని చూస్తే రోత పుట్టేది. చచ్చినవాడు వచ్చినందుకు కాదు, తినే తీరుకు. కార్జం ముక్కను చప్పరించి చప్పరించి, మూలుగ ఎముకను జుర్రుకుని, గడ్డంలోంచి రాలే మట్టిని కూరలోనే కలుపుకుని, గుడ్డును నమలకుండా మింగి త్రేనుస్తాడు. ఆ వాసనకు ఈగలు కూడా పక్కకు జరిగేవి. ఆయన తర్వాత బీరమ్మ మొగుడు సోమన్న, ఆ తర్వాత అత్త గోపమ్మ తినేవాళ్లు. బీరమ్మకు మిగిలేది జొన్నరవ్వ గట్కా, కారం.

ఆమెకు ఒళ్లంతా నొప్పులు. మెడ, భుజాలు, నడుము, మోకాళ్లు. ఎంత పడుకున్నా ఎవరో కర్రతో బాదినట్టే లేచేది. గొంగడికి ఉన్ని వడుకుదామని కదురు పడితే చేతులు జారిపోయేవి.

"నీకు వాతం ముదిరింది. పప్పు ముట్టద్దు, గుడ్డు ముట్టద్దు, కూర నోట్లేసుకోవద్దు," అంది గోపమ్మ.

ఊళ్లో నొప్పులకు అదే పథ్యం. మనిషిని కడుపు మాడ్చి ఎండబెడతారు. ఎండిన మనిషికి నొప్పి ఎక్కువైతే వాతం ఇంకా ముదిరిందంటారు. తలుచుకుంటేనే రోత.

కొత్తకోట దవాఖానలో డాక్టరమ్మ మెడా భుజాలూ నొక్కి చూసింది. పరీక్షల్లో ఏమీ తేలలేదు. చివరికి ఆ నొప్పులకు, బీరమ్మకు నోరు తిరగని పేరొకటి చెప్పింది.

"తిండితోనే ఈ నొప్పి పోదమ్మా. కానీ కండకు బలం లేకుంటే ఇంకా కుంగుతవు. రోజూ పప్పో, గుడ్డో, కూరో తిను. రోజూ కొంచెం కొంచెం నడువు."

ఇంటికొచ్చి ఆ మాట చెబితే సోమన్న ఎముక కొరుకుతూ తలెత్తకుండానే అన్నాడు.

"పరీక్షల్ల ఏం లేదన్నరంటే రోగం లేనట్టే గద. దసరా లోపల కదురు పట్టకపోతె నిన్ను పుట్టింట్ల దించొస్త."

పెత్తరమాస వచ్చింది. ఊరంతా పోయినవాళ్ల పేరు మీద వండి పెడుతోంది. ఆ ఇంట్లో పేరు మీద పెట్టే పని లేదు, మనిషే ఉన్నాడు. యాట కూర, పప్పు, గుడ్లు వేసిన పళ్లెం ఎత్తుకొచ్చిన బీరమ్మ, చేతులు నొప్పితో పీకేసి, మామ ఎదుటే కూలబడింది. పళ్లెం ఆమె ఒళ్లోనే ఉండిపోయింది.

"గదేందే, మామ పళ్లెం గట్ల పట్టుకున్నవ్?" అంది గోపమ్మ.

"చేతులు లేస్తలేవు అత్తా." బీరమ్మ ముసలాయన వైపు తిరిగింది. "నువ్వు సచ్చినవ్ గద మామా. నీకెందుకు గీ తిండి?"

ఆ మాట ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ అనలేదు. దుర్గయ్య గడ్డంలోంచి పురుగొకటి పీట మీదికి జారింది. ఆయన దాన్ని వేలితో పక్కకు నెట్టాడు.

"నిజమే బిడ్డా. పోయినకాన్నుంచి నాకు రుచి తెలుస్తలేదు, ఆకలి గూడ లేదు. మీరు పెడుతున్నరు, నేను మింగుతున్న," అన్నాడు.

గోపమ్మ మొహం మాడిపోయింది. ఇన్నేళ్ల కార్జాలు, ఇన్నేళ్ల గుడ్లు బొందలో పోసినట్టే అయ్యాయి.

"ఇగ నా వంతు గీ పిల్లకు పెట్టుండ్రి," అని దుర్గయ్య పీట దిగి నేల మీద కూచున్నాడు. పెద్దాయన మాట. ఎదురు చెప్పేవాళ్లు లేరు.

అది ఆయన రోజూ తినే పళ్లెమే, అంచున ఆయన వేళ్ల మట్టి అంటి ఉంది. అయినా బీరమ్మ ముక్క తీసి నమిలి మింగింది.

దసరాకు నొప్పులు పోలేదు. కానీ చలి మొదలయ్యేనాటికి మధ్యాహ్నం దాకా కదురు తిప్పగలిగింది. సోమన్న పుట్టింటి మాట ఎత్తలేదు. ముసలాయన ఎదుట ఎత్తడానికి వీల్లేదు కూడా. దుర్గయ్య రోజూ వస్తాడు, ఏమీ తినడు. బీరమ్మ తిని లేచేదాకా కొడుకును కూరలో చెయ్యి పెట్టనివ్వడు.